నవల రాసేశారు, సరే. ఇక దిద్దడం ఎట్లా?

నా మొదటి నవల చిత్తుప్రతి 1,12,000 పదాల దగ్గర ముగిసింది. మూడేళ్ల పని. ముగిసిన రోజు ఇంట్లో ఓళిగలు చేయించుకుని తిన్నాను. మరుసటి వారమే అనంతపురంలో ఒక జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించి మా చిన్నాయన చేతిలో పెట్టాను. ఆయన చదివింది పదో తరగతి, చేసింది నలభై ఏళ్ల సేద్యం. నాలుగు రోజులకు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీవోడు ఆరుద్రలో శెనక్కాయ విత్తి శ్రావణమాసంలోనే పీకినాడే, అదేం విత్తనమప్పా? మాకూ రెండు మూటలియ్యి."

నేను పుట్టింది సేద్యగాళ్ల ఇంట్లోనే. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుందని, శెనక్కాయకు దగ్గర దగ్గర 110 రోజులు కావాలని, కాయ పీకేది దసరాకూ దీపావళికీ నడుమనని నాకు తెలీక కాదు. మధ్యలో ఒక పెళ్లి సీను రెండు నెలలు ముందుకు జరిపాను. పెళ్లితోపాటు పంట లెక్కనూ సరిచూసుకోవడం మరిచిపోయాను. ఆ పేజీ కనీసం పదిసార్లు చదివుంటాను. ఒక్కసారీ కంటికి ఆనలేదు. పేజీ మీద ఏముందో చూడకుండా, నా తలలో ఉన్నదాన్నే పదిసార్లూ చదువుకున్నాను మరి.

నవల దిద్దడంలోని చిక్కంతా ఇదేనని నా లెక్క. రాసినవాళ్లకు కథ అంతా ముందే తెలుసు. పేజీలో ఖాళీ ఉంటే మనసే పూడ్చేస్తుంది. కాబట్టి ఎంత శ్రద్ధగా చదివామన్నది పెద్ద విషయం కాదు, ఏ కంటితో చదివామన్నది చూసుకోవాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ కన్ను మార్చుకునే ఉపాయమే. ఇందులో వరస ముఖ్యం. గోడ పడగొట్టాలో వద్దో తేలకముందే దానికి సున్నం కొట్టేవాళ్లు మనలో చాలామంది. మొదటి అధ్యాయాన్ని ఆర్నెల్లు చెక్కి చెక్కి, చివరికి ఆ అధ్యాయమే అక్కర్లేదని తెలుసుకున్నవాణ్ణి నేను.

మొదటి అడుగు: దాచిపెట్టడం

చిత్తుప్రతి ముగిశాక ఆరు వారాలు దాని జోలికి పోవద్దు. పోటీ గడువు తరుముతుంటే పది రోజులైనా. ఈలోపు మొదటి పేజీ తెరిచి "ఊరికే చూద్దాం" అనుకోవద్దు, ఆ ఊరికే అన్నది అర్ధరాత్రి దాకా సాగుతుంది. వేరే ఏదైనా రాయండి, చదవండి. కథలోని మాటలు మీకు కంఠతా రావడం తగ్గాలి. అంతే.

దాచేముందు ఫైలుకు ఒక నకలు తీసి, పేరులో తేదీ పెట్టండి. ఆ తర్వాత పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ కొత్త తేదీతో కొత్త ఫైలు. "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టినవాళ్ల తిప్పలు నాకు తెలుసు, అవి నా తిప్పలే. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు కడపలో సి.పి. బ్రౌన్ గుర్తొస్తాడు. సొంత బంగళాలో పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి ఊరూరా దొరికిన రాతప్రతులను పక్కపక్కన పరిచి, తేడాలు రాయించి, శుద్ధప్రతి తయారు చేయించాడాయన. ఆయన పండితులకు ఒక్కో కావ్యానికి ఎవరెవరో రాసిన ప్రతులు. మీకు ఒకే నవలకు మీరే రాసిన ప్రతులు. పాతవి పారేస్తే పోల్చి చూసుకోడానికి ఏమీ మిగలదు. ఎప్పుడైనా కడప పోతే ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లి రండి. ఆయన బంగళా ఉన్న చోటే అది.

రెండో అడుగు: ఒక్క బిగిన చదవడం

తెర మీద రాసిందాన్ని కాగితం మీద చదవండి. ఫాంటు మార్చండి, సైజు పెంచండి, రెండు వరసల్లో అచ్చయిన పత్రికలాగా పెట్టుకున్నా మంచిదే. పేజీ అచ్చులో కొత్తగా కనబడితే మనసు కాస్త ఏమారుతుంది. మీరు కూర్చునే చోటు కూడా మార్చండి. నేను రాసేది ఇంట్లో, ఇది మాత్రం ఊళ్లో మా మిద్దె మీద కూర్చుని చదివాను.

రెండు మూడు రోజుల్లో మొత్తం అయిపోవాలి. చేతిలో పెన్సిలు ఉండొచ్చుగానీ వాక్యాలు దిద్దడానికి లేదు. మార్జిన్లో మూడే గుర్తులు: విసుగు పుట్టిన చోట అడ్డగీత, నమ్మబుద్ధి కాని చోట ప్రశ్నార్థకం, బాగుందనిపించిన చోట చుక్క. ఒత్తు తప్పు కనబడినా దాటిపోండి. ఒత్తు దిద్దడం మొదలుపెట్టగానే మీరు పాఠకుడి కుర్చీలోంచి లేచి రాసినవాడి కుర్చీలో కూర్చున్నట్టే.

చివరి పేజీ మూసిన రోజే, చల్లారకముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఈ కథ ఎవరిది? వాళ్లకు ఏం కావాలి? ఎవరు అడ్డు? మొదట్లో ఉన్న మనిషికీ చివర ఉన్న మనిషికీ తేడా ఏంటి? నేను రాసుకున్న సమాధానం చూసి నాకే నవ్వొచ్చింది. నవల పేరు నాగన్న మీద ఉంది, కథేమో అతని పెళ్లాం రంగమ్మది. చుక్కలన్నీ ఆమె సీన్ల దగ్గరే ఉన్నాయి. అడ్డగీతల్లో సగం నాగన్న బెంగళూరు హోటల్లో పనిచేసే అధ్యాయాల్లో.

మూడో అడుగు: సీన్ల పట్టీ

ఇది అన్నిటికంటే చాకిరీ, అన్నిటికంటే ఫలితం. లాంగ్‌సైజు నోట్‌బుక్ ఒకటి కొనండి, ఎక్సెల్ అలవాటుంటే అందులోనే చేయండి. నవలలోని ప్రతి సీనుకూ ఒక వరస. గళ్లు ఇవి: సీను నంబరు, ఎవరెవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని పేజీలు, ఈ సీనువల్ల ఏం మారింది.

చివరి గడి అబద్ధమాడనివ్వదు. "రంగమ్మ నగలు కుదువ పెట్టింది" అన్నది మార్పు. "రంగమ్మ బాధపడింది" అన్నది మార్పు కాదు, అంతకుముందు సీనులోనూ బాధే పడుతోంది. నా పట్టీలో 94 సీన్లు తేలాయి, 21 సీన్లకు ఆ గడి ఖాళీ. వాటిలో కొన్ని కొట్టేశాను, కొన్నిట్లో ఉన్న ఒక్క మంచి ముక్కను పక్క సీనులోకి మార్చాను.

"ఎప్పుడు" అన్న గడికి మాత్రం ఒక సాయంత్రం కాదు, ఒక వారం ఇవ్వండి. కథలోని సంవత్సరం, నెల, కార్తె లేదా పండగ, ముఖ్యమైన మనుషులకు అప్పటికి ఎన్నేళ్లు, ఇవన్నీ రాయండి. వయసుల లెక్క వేస్తే పిల్ల పుట్టకముందే బడికి పోయినట్టు తేలొచ్చు. నవ్వకండి, నాకు తేలింది.

మన ప్రాంతం మీద రాసేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా కొన్ని గుంతలున్నాయి. 1910లో జరిగే కథలో పాత్ర నోట "మన రాయలసీమ" అనిపిస్తే తప్పు, ఆ పేరు ఖాయమైంది 1928లో నంద్యాల సభల్లో. అంతకుముందు దత్తమండలాలనేవారు. 1875లో ఎవరైనా "అనంతపురం జిల్లా కలెక్టరు" దగ్గరికి అర్జీ పట్టుకుపోతే ఆయన అక్కడుండడు. బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేసిందే 1882లో. కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా. మీ గుమాస్తా పాత్ర 1958లో కర్నూలు సెక్రటేరియట్‌కు సైకిలు తొక్కుతుంటే ఎవరో ఒక పెద్దాయన ఉత్తరం రాస్తాడు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్లో, దానికి ముందు రూపాయికి పదహారణాలు. 2009 అక్టోబరు మొదటి వారంలో కర్నూలు పాతబస్తీలో పెళ్లి పందిరి వేయించకండి, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగింది. హిందూపురం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కథ 2015లోదైతే అనంతపురం జిల్లా అనే రాయాలి. చిన్నాయన దెబ్బకు నేను విత్తనాలు కూడా చూసుకున్నాను. 1985 నాటి చేలో కదిరి-6 శెనక్కాయ విత్తించాను, ఆ రకం వచ్చింది 2000 దాటాకే.

"ఎక్కడ" గడి కూడా అట్లాంటిదే. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. పెన్న ఇటు హిందూపురం వైపు నుంచి వచ్చి తాడిపత్రి, గండికోట మీదుగా నెల్లూరికి పోతుంది. అవసరం కొద్దీ ఒక నది నీళ్లు ఇంకో ఊళ్లోకి పారించిన చిత్తుప్రతులు చదివాను. ఊహించిన ఊరు కావాలంటే ఊహించిన పేరే పెట్టుకోండి. అప్పుడు ఏరూ మీదే, ఇసకా మీదే.

నాలుగో అడుగు: కోత

పట్టీ చేతిలో ఉంది కాబట్టి ఇప్పుడు పెద్ద మార్పులు చేయాలి. మనం రాసినదాన్ని మనమే కొట్టేయడం కష్టం. అందుకని కొట్టేసింది పారేయకండి, "గాదె" అని ఒక ఫైలు పెట్టి అందులో వేయండి. నా గాదెలో ఇప్పుడు 26,000 పదాలున్నాయి. వాటిలో మళ్లీ బయటికి తీసింది అరపేజీ. అయినా ఆ ఫైలు ఉందన్న ధైర్యంతోనే కోయగలిగాను.

ముందుగా చూడాల్సింది మొదలు. చాలామంది మొదటి అధ్యాయంలో ఊరి చరిత్ర చెబుతారు. ఊరికి ఆ పేరెట్లా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రెడ్డికీ ఏ రెడ్డికీ పడదు. కథ మొదలయ్యేది పద్దెనిమిదో పేజీలో. ఆ పద్దెనిమిది పేజీలు రాయడం దండగ కాదు, మీకు ఊరు తెలియడానికి అవి పనికొచ్చాయి. పాఠకుడికి మాత్రం అక్కర్లేదు. నేను మా తాత బావి తవ్వించిన కథకు ఒక అధ్యాయం పూర్తిగా ఇచ్చాను. 34 పేజీలు. ఎంత బాగా కుదిరిందని! దాన్ని తీసేసి చూస్తే నవలలో ఎక్కడా చిల్లు పడలేదు. దాంతో అది ఉండాల్సిందేనన్న నా వాదన వీగిపోయింది. మిగతా కథంతా ఆ బావి ఎండిన సంగతి ఒక్క వాక్యంతో నడిచిపోతోంది.

రెండోది, సీరియల్ వాసన. వారపత్రికల కోసం రాసినవాళ్లకూ, వాటిని చదివి పెరిగినవాళ్లకూ ఒక అలవాటుంటుంది. ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం, తర్వాతి అధ్యాయం మొదట్లో జరిగినదాని గుర్తింపు. వారం గడిచాక చదివేవాళ్లకు ఆ గుర్తింపు కావాలి. పుస్తకంలో ఆ రెండు పేరాల మధ్య ఒక్క తెల్లకాగితమే ఉంటుంది. అట్లాంటి గుర్తింపు పేరాలన్నీ ఏరేయండి. కొక్కేల్లో నిజంగా తలుపు తట్టినవి ఉంచి, "అంతలో ఫోన్ మోగింది" లాంటివి తీసేయండి.

మూడోది ఫ్లాష్‌బ్యాకులు. గతం కావాల్సిన క్షణంలోనే గతం చెప్పాలి. రంగమ్మ బిందె ఎత్తుకుని బోరింగు దగ్గర నిలబడగానే ఆమె బాల్యమంతా ఎనిమిది పేజీలు తిరిగొస్తే, బిందె మోస్తున్న చెయ్యి నొప్పెడుతుంది. పాఠకుడికి.

కోత, అతుకు అయ్యాక పట్టీని కొత్తగా రాయండి. ఒక సీను జరిపితే దాని వెనకాల పంట, గర్భం, గాయం, అప్పు, అన్నీ జరగాలి.

ఐదో అడుగు: ఇతరుల కళ్లు

మన దగ్గర చాలామంది రచయితలకు ఎడిటరంటూ ఒకరుండరు. సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకానికి అసలే ఉండరు. ఆ లోటు కొంతైనా తీర్చేది ముందుగా చదివేవాళ్లు. వాక్యాలు చెక్కక ముందే ఇవ్వండి. చెక్కిన తర్వాత ఎవరైనా "ఈ పాత్ర అక్కర్లేదు" అంటే ప్రాణం ఒప్పుకోదు.

ముగ్గురు చాలు. ఒకరు కథలోని పని తెలిసినవాళ్లు: సేద్యమైతే సేద్యగాడు, నర్సు కథైతే నర్సు. ఇంకొకరు మన ప్రాంతం ముఖం చూడనివాళ్లు, ఏ కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉండేవాళ్లు. మూడోవాళ్లు ఎక్కువగా నవలలు చదవనివాళ్లు. సాటి రచయితలను నేను ఈ పనికి పిలవను. వాళ్లు చదివేటప్పుడే తమ నవల రాసేస్తుంటారు.

"ఎట్లుంది?" అని అడగొద్దు. "బాగుందప్పా" అంటారు, మీకు మిగిలేది ఆ మాటే. ఇవి అడగండి: ఎక్కడ పక్కన పెట్టి పడుకున్నారు? ఎక్కడ పేజీలు దాటేశారు? ఎవరి పేరు ఎవరిదో తికమక పడ్డారా? నాగన్న తిరిగొస్తాడని అనుకున్నారా, ఎప్పటి దాకా? చెప్పింది నోట్ చేసుకోండి. వాదించొద్దు, "అది ఎందుకంటే" అని మొదలుపెట్టొద్దు. పుస్తకం కొన్నవాళ్ల వెనకాల నిలబడి మీరు వివరించలేరు కదా.

ముగ్గురూ ఒకే చోట తట్టుకుంటే అక్కడ రాయి ఉన్నట్టే. అయితే వాళ్లు చెప్పే మందు పనికిరాకపోవచ్చు. నా ముగ్గురూ "చివర్లో రంగమ్మ భూమి అమ్మడం నమ్మబుద్ధి కాలేదు, చివర మార్చు" అన్నారు. చివర సరిగ్గానే ఉంది. అరవయ్యో పేజీలో ఆమె భూమి లెక్కలు చూసుకునే సీను ఒకటి నేనే కోతలో తీసేశాను. గాదెలోంచి తెచ్చిన ఆ అరపేజీ అదే.

ఆరో అడుగు: సంభాషణ, యాస

ఇప్పుడు బిగ్గరగా చదవండి. తలుపు వేసుకునైనా సరే. సంభాషణ తప్పులు చెవికి దొరికినట్టు కంటికి దొరకవు.

మొదట పిలుపులు సరిచూసుకోండి. మన పల్లెల్లో కొడుకు తండ్రిని "నాయనా, నువ్వు తిన్యావా?" అంటాడు. అందులో అమర్యాద లేదు. దిద్దేటప్పుడు ఒక మర్యాదస్తుడు మనలో మేల్కొని దాన్ని "మీరు తిన్నారా నాన్నగారూ" చేస్తాడు. ఇల్లు మారిపోతుంది. అదే కొడుకు మండలాఫీసులో "సార్, మీరు" అంటాడు, ఆ రెంటి మధ్య తేడాలోనే అతని బతుకు ఉంది. జేజి, అవ్వ, చిన్నాయన, రెడ్డెప్ప, అబ్బీ, ఎవరు ఎవర్ని ఏమంటారో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అరవై పేజీల తర్వాత జేజి ఉన్నట్టుండి నానమ్మ అయిపోకుండా అది కాపాడుతుంది.

యాసకు వర్ణక్రమం ఎవరూ ఖాయం చేయలేదు. పోతాండాడు, పోతాన్నాడు, పోతుండాడు, ఏది సరైనదని పంచాయితీ పెట్టకండి. మీ ఊళ్లో, మీ పాత్ర ఇంట్లో ఏది వినబడుతుందో అది తీసుకుని, ఆ పాత్రకు చివరిదాకా అదే ఉంచండి. మడకశిర దగ్గరి మనిషి మాటలో కన్నడం తొంగిచూస్తుంది, కర్నూలు పాతబస్తీ మనిషి మాటలో ఉర్దూ. కడప మనిషి వేరు. అందరికీ ఒకే "సీమ యాస" పూస్తే అది సినిమా యాస అవుతుంది. కథనం మామూలు వాడుకభాషలో, మాటలు యాసలో ఉంచాలా, అంతా యాసలోనే చెప్పాలా అన్నది మీ ఇష్టం. ముప్పయ్యో పేజీ నుంచి మనసు మార్చుకోవడం మాత్రం కుదరదు.

యాస మాటకు పక్కన బ్రాకెట్లో అర్థం రాసే అలవాటు మానండి. అర్థం వాక్యంలోనే దొరకాలి. "ఉగ్గాని తిన్నాడు" అంటే కాకినాడ మనిషికి తెలియదు. "నానబెట్టిన బొరుగులు పిండి, పోపులో వేసి కలిపింది. ఉగ్గాని పొగలు కక్కుతుండగానే బజ్జీ విరుచుకున్నాడు" అంటే ఎవరికైనా నోరూరుతుంది. ఓళిగ అన్నచోట ఓళిగే ఉండాలి. కర్నూలు ఇంట్లో అదే బక్ష్యం అవుతుంది. రెండూ బొబ్బట్లే అయినా మీ పాత్రలకు ఆ సంగతి తెలియాల్సిన పనిలేదు.

ఏడో అడుగు: వాక్యం

ఇప్పుడు వాక్యం పట్టుకోండి, ఇప్పుడే. రోజుకు పది పేజీలు దాటొద్దు. పదకొండో పేజీ నుంచి కన్ను జారిపోతుంది.

నా చిత్తుప్రతిలో ఒక పేరా యథాతథంగా:

"రంగమ్మకు చాలా బాధగా, ఒంటరిగా అనిపించింది. ఆమె కళ్లవెంట కన్నీళ్లు ధారలుగా కారాయి. బయట వర్షాలు లేక పొలాలు ఎండిపోయి ఉన్నాయి. తన జీవితం కూడా ఆ పొలాల లాగే ఎండిపోయిందని ఆమె అనుకుంది. ఆమె భర్త బెంగళూరు వెళ్లి ఆరు నెలలు కావస్తోంది. ఆమె లేచి వెళ్లి ఫోన్ చూసింది. ఫోన్ రాలేదు."

తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అదే ఇబ్బంది. బాధ అని పేరు పెట్టి చెప్పాను, మళ్లీ కన్నీళ్లతో చెప్పాను, మళ్లీ పొలంతో పోల్చి చెప్పాను. పోలికకు అర్థం కూడా నేనే విప్పాను. "ఆమె" నాలుగుసార్లు వచ్చింది. తెలుగులో కర్తను ప్రతిసారీ పిలవక్కర్లేదు, క్రియే చెబుతుంది. కన్నీళ్లు ధారలుగా కారడమన్నది నేను చూసింది కాదు, ఎక్కడో చదివింది. ఈ పేరాలో నాది అనదగ్గది ఫోన్ ఒక్కటే. దాన్ని ఉంచి మిగిలింది తిరగరాశాను:

"ఫోన్ ఛార్జింగుకు పెట్టింది రంగమ్మ. పెట్టక ముందే నిండుగా ఉంది. తీసి, కాసేపాగి మళ్లీ పెట్టింది. నాగన్న బెంగళూరు పోయి ఆరు నెలలు. ఎదురుగా చేలో శెనక్కాయ చెట్లు ఎండకు ఆకు ముడుచుకున్నాయి."

పోలిక ఉందా? ఉంది. నేను విప్పలేదు.

వాక్యాల దగ్గర నేను వెతికి పట్టుకునే మరికొన్ని: "చెప్పడం జరిగింది" (చెప్పాడు అంటే పోయె), "చేయబడింది", "యొక్క", "మరియు", ప్రతి నామవాచకం ముందూ "ఒక", ప్రతి క్రియ ముందూ "గా"తో ముగిసే మాట, "ఒక్కసారిగా", "ఎందుకో తెలియదు గానీ". ఇవి కాక మీకే సొంతమైన ఊతపదం ఒకటుంటుంది. నాది "నిట్టూర్చింది". వెతికితే 63 తేలాయి. అన్ని నిట్టూర్పులకు ఆ ఇంటి దీపం ఎప్పుడో ఆరిపోయుండాలి.

ఈ అడుగులో ఆగడం కూడా తెలియాలి. నిన్న తీసిన మాట ఇవాళ పెట్టి, రేపు మళ్లీ తీయాలనిపిస్తే ఆ పేజీ అయిపోయినట్టే.

ఎనిమిదో అడుగు: పేర్లు, ఫాంట్లు, ప్రూఫులు

దిద్దేటప్పుడు పాత్ర పేరు మార్చాల్సి వస్తుంది. రంగమ్మ, రంగన్న, రంగారెడ్డి ఒకే ఇంట్లో ఉంటే పాఠకుడు ఎవరు ఎవరో పోల్చుకోలేడు. అయితే తెలుగులో పేరు మార్చడం బటన్ నొక్కినంత తేలిక కాదు. నాగడు అనే పేరును నాగన్న చేయాలంటే నాగడు, నాగడి, నాగడికి, నాగణ్ణి, ఒరే నాగా, ఇవన్నీ విడివిడిగా వెతకాలి.

ఇంతకంటే ఘోరం నేను చేశాను. బడిలో మాస్టరు పాత్ర పేరు రవి. దాన్ని మురళి చేయాలనుకుని ఫైండ్, రీప్లేస్ ఆల్ కొట్టాను. 214 చోట్ల మార్చానని కంప్యూటరు సంతోషంగా చెప్పింది. ప్రింటు తీస్తే అరవింద టీచరు "అమురళింద టీచరు" అయి కూర్చుంది. ద్రవిడ భాషలు పలకడానికి నోరు తిరగలేదు. రంగమ్మ కుట్టుకున్న కొత్త రవిక, మురళిక. కంప్యూటరుకు అక్షరాల వరస తప్ప మాట తెలియదు. కాబట్టి రీప్లేస్ ఆల్ జోలికి పోకుండా ఒక్కొక్కటే చూసి మార్చండి. 214 అయినా సరే, ఒక పూట పని.

ఫాంట్ల సంగతి. మీరు రాసేది యూనికోడ్‌లో, డీటీపీ ఆపరేటరు పేజీలు పెట్టేది యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో అయితే మధ్యలో మార్పిడి జరుగుతుంది. ఆ మార్పిడిలో ఒత్తులు జారతాయి, కొటేషన్ గుర్తులు, అంకెలు తారుమారవుతాయి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు పోయి పక్క అక్షరానికి ఒత్తుగా అతుక్కుంటుంది. అందుకని మార్పిడికి ముందు చూసిన ప్రూఫును నమ్మొద్దు, తర్వాతి దాన్నే అక్షరమక్షరం చూడాలి. పేజీలు పెట్టడం మొదలయ్యాక మళ్లీ పేరాలు తిరగరాసి ఆపరేటరుకు పంపడం పాపం. ఒక పేరా పెరిగితే ఆ అధ్యాయమంతా కిందికి జరుగుతుంది, దిద్దిన తప్పులకు బదులు కొత్తవి పుడతాయి.

ప్రూఫు చూసేటప్పుడు కథ చదవకూడదు. చివరి పేజీ నుంచి మొదటి పేజీకి రండి, గీతబద్ద పెట్టి ఒక్కో వరసే చూడండి. ల, ళ, న, ణ, శ, ష, స ఒక రౌండు. పేర్లు మాత్రమే ఇంకో రౌండు. ఒకే మాట రెండు రకాలుగా రాశామా (తర్వాత, తరువాత, తరవాత) అన్నది మూడో రౌండు. దీనికి ముందే ఒక పట్టిక రాసుకుని ఉంటే వాదన ఉండదు. మూడు రౌండ్లూ మీరే చూడొద్దు, ఒకటైనా వేరేవాళ్లకు ఇవ్వండి. బడిలో తెలుగు చెప్పినవాళ్లెవరైనా దొరికితే వాళ్ల కాళ్లు పట్టుకోండి.

పుస్తకం వచ్చాక మొదటి ప్రతి ఎవరికీ ఇవ్వకుండా మీ దగ్గరే పెట్టుకుని, కనబడిన తప్పునల్లా పెన్సిలుతో అందులో గుర్తు పెట్టండి, రెండో ముద్రణ నాటికి పనికొస్తుంది. నా ప్రతిలో ఇప్పటికి పందొమ్మిది తేలాయి. శెనక్కాయలు మాత్రం వేళకే పీకినారని చిన్నాయన ఒప్పుకున్నాడు. 143వ పేజీలో రంగమ్మ ఇంకా ఆకుపచ్చ మురళికే వేసుకునుంది.